ఊపిరి ఎవరి జాబితా?

"ముగ్గురి చేతిల పెడితే, నువ్వు చెయ్యంటే నువ్వు చెయ్యని ముగ్గురూ ఒకల మొఖం ఒకలు చూసుకుంట కూసుంటే ఎట్ల మేడమ్? అప్పటిదాంక నా బిడ్డ పానం ఆగుతదా?"

స్వరూప ఈ మాట అడిగేనాటికి ఇంకా ఏమీ జరగలేదు. బల్లమీద గాజు పళ్లెంలో మూడు గింజలున్నాయి, అంతే. పెసరగింజలకంటే చిన్న యంత్రాలు, బూడిదరంగువి. వాటిని తన కూతురు ప్రణవి తలలో మూడుచోట్ల పెడతారట. పెడితే ఫిట్స్ ఆగుతాయట.

డాక్టర్ జబీన్ నవ్వలేదు. స్వరూపకు ఆమె మీద నమ్మకం కుదిరింది అక్కడే. అంతకుముందు తిరిగిన ఆసుపత్రులన్నిట్లోనూ స్వరూప భయం విని నవ్వనివాళ్లు లేరు.

"అడగాల్సిన మాటే అమ్మా. జవాబు చెప్పేముందు మీకొకరిని చూపిస్తాను, రండి."

ప్రయోగశాలలో చివరి గది. మంచంమీద ముప్పై ఏళ్ల మనిషి నిద్రపోతున్నాడు. భార్య కాబోలు, అతని పాదాలకు నూనె రాస్తోంది. గోళ్లు శుభ్రంగా కత్తిరించి ఉన్నాయి. గడ్డం గీసి ఉంది. చూస్తే ఇప్పుడే లేచి చాయ్ అడిగేలా ఉన్నాడు.

"ఇతనికి ఒక్కటే గింజ పెట్టాం" అంది డాక్టర్. "ఫిట్స్ రానివ్వొద్దని దానికి చెప్పాం. మెదడుని మొద్దునిద్రలో ముంచేస్తే ఫిట్స్ రావని అది కనిపెట్టింది. లేపబోయిన ప్రతిసారీ దాన్నీ ఫిట్సే అనుకుని ఇంకా లోతుకి తోస్తోంది. రూలు రాసేది అదే, చేసేది అదే, చేసింది తప్పా ఒప్పా అని చెప్పేదీ అదే. లోపల వద్దనేవాళ్లు లేరు. నేను పెట్టలేదు."

నూనె రాస్తున్న ఆమె తలెత్తకుండానే అంది: "దాని తప్పేం లేదక్కా. చెప్పిన పనే చేస్తున్నది."

స్వరూప కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జనగామకు తిరుగు బస్సులో తల్లి ముఖం చూసి ప్రణవే మొదలుపెట్టింది. తొమ్మిదో తరగతి పిల్ల, నోరు ఊరుకోదు.

"అమ్మా, ఇది మా సాంఘిక శాస్త్రం పాఠమేనే. నువ్వు ఊరికే బుగులు పడుతున్నవ్. ఒక గింజ అసెంబ్లీ. రూల్స్ రాస్తది, చెయ్యి మాత్రం కదపది. రెండోది కలెక్టరు. రూల్ ఉంటేనే పని చేస్తది, సొంతంగ రూల్ పెట్టుకోరాదు. మూడోది జడ్జి. కలెక్టరు అతి చేస్తే ఆపు అంటది."

"అండ్ల నీ పెత్తనం ఏమున్నదే?"

"నేను రాష్ట్రాన్ని కదా! కేంద్రం జాబితా కేంద్రానిది, నా జాబితా నాది. ఫిట్స్ కేంద్రం చూసుకుంటది. ఊపిరి, నవ్వు, ఏడుపు, ఆకలి, కోపం అన్నీ నాయి. వాటి జోలికొస్తే కేసేస్త."

"కోపం గూడ రాసిచ్చిన్రా నీకు? అది ఫిట్స్ కంటె పెద్ద రోగం" అన్నాడు ముందు సీట్లోంచి తండ్రి అయిలేష్. ఆర్టీసీ డిపోలో మెకానిక్కు; బస్సు ఏ గుంతలో పడ్డా తల వంచి చప్పుడు వింటాడు.

స్వరూప ఏడో తరగతి దగ్గర చదువు ఆపేసింది. అసెంబ్లీ, కలెక్టరు అంటే ఆమెకు ఎరుక లేదు కానీ వంటిల్లు ఎరుకే. ఏం వండాలో అత్త నర్సవ్వ చెబుతుంది. వండేది తను. ఉప్పెక్కువైందో తక్కువైందో తేల్చేది మామ. ఆ ముగ్గురి పనీ ఒక్కరే చేసిన ఇళ్లు కూడా ఆమె చూసింది. ఆ ఇళ్లలో కోడళ్లు ఎలా బతికారో కూడా చూసింది. ఆ లెక్కన గింజలు మూడుండటమే మంచిదని మనసుకు చెప్పుకుంది. మనసు వింటేగా.

*

గింజలు పెట్టారు. కుట్లు మానాయి. ఇంట్లో కుట్టుమిషను పైన, గోడకు ఒక చిన్న డబ్బా బిగించారు. లోపల ఏం జరిగిందో అది పైకి చెబుతుంది. రైల్వే స్టేషన్లో బండ్ల రాకపోకలు చెప్పే ఆడమనిషి గొంతు దానిది. నర్సవ్వకు ఆ గొంతంటే పడదు. "మొగడు సచ్చిన దానిలెక్క మాట్లాడుతది" అనేది.

ఒకరోజు ప్రణవి నాయినమ్మతో ఏదో ముచ్చట చెప్పుకుని కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి ఒళ్లంతా ఊగిపోయింది. నవ్వు సగంలో తెగబోతే "ఏయ్, నా నవ్వు నాదే!" అని అరిచింది. డబ్బా గొంతు విప్పింది: "ఇది మూర్ఛేమోనని కార్యం గింజ అణచబోయింది. నవ్వు తన జాబితాలోదని పాప అడిగితే న్యాయం గింజ ఆపింది."

"జూసినవా నాయినమ్మా, జడ్జి నా దిక్కే!" అని ప్రణవి మళ్లీ పడీపడీ నవ్వింది.

అందరూ నవ్వారు, స్వరూప తప్ప. ఆపింది సరే, ఆపకపోతే? ఆ ఆలోచనతో ఆమెకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. అలాగని ఫిట్స్ వచ్చాయా అంటే రాలేదు. వానాకాలం వచ్చేదాకా రాలేదు.

ఆ మధ్యాహ్నం వాన బలంగా పడుతోంది. స్వరూప బడిపిల్లల యూనిఫారాలు కుడుతోంది. లోపలి గదిలో ఏదో పడ్డ చప్పుడైంది. పరుగెత్తి చూస్తే ప్రణవి నేలమీద ఉంది. కాళ్లు చేతులు కొట్టుకోవడం ఆగిపోయింది. ఆగిందని ఊపిరి పీల్చుకోబోయిన స్వరూపకు, కూతురు ఊపిరి పీల్చడం లేదని అర్థమైంది. పెదవులు నేరేడుపండు రంగుకు తిరుగుతున్నాయి.

డబ్బా ఎప్పటి గొంతుతోనే అంది: "మూర్ఛ ఆగింది. ఊపిరి తిరిగి రాలేదు. ఊపిరి పాప జాబితాలోది. ముట్టుకునే అధికారం మాకు లేదు. అత్యవసర అధికారం ఇస్తారా?"

"ఇస్తున్న! ఇస్తున్న!"

"ఊపిరి ఒక్కటేనా? అన్ని జాబితాలా?"

"అన్నీ తీస్కో! ఉన్నయన్నీ తీస్కో, నా బిడ్డను బతికియ్యి!"

ప్రణవి ఛాతీ ఒక్కసారి పైకి లేచింది. దిగింది. మళ్లీ లేచింది. రంగు తిరిగింది. స్వరూప ఆ ఛాతీమీద చెయ్యి వేసుకుని సాయంత్రం దాకా నేలమీదే కూర్చుంది. ఊపిరి ఎంత సమంగా ఉందంటే, ఎగువా దిగువా ఒక్క వెంట్రుకవాసి తేడా లేదు. బోరుమోటారు నీళ్లు తోడినట్టుంది. ఆ పూట ఆమెకు అది దేవుడి దయలాగే అనిపించింది.

అయిలేష్ ఫోన్ చేస్తే డాక్టర్ జబీన్ వివరంగా చెప్పింది. ఈ అధికారం మర్నాటి పొద్దుటి వరకే. రోజూ పొద్దున డబ్బా అడుగుతుంది, ఉంచనా తీసెయ్యనా అని. తీసెయ్యమంటే పోతుంది. ఏమీ అనకపోయినా పోతుంది. "ఊపిరి కుదుటపడ్డాక తీయించెయ్యండి. నాన్చకండి" అని రెండుసార్లు చెప్పింది.

పొద్దున డబ్బా అడిగింది. తీసెయ్యమనడానికి స్వరూపకు నోరు రాలేదు.

ఆ ఇంట్లో బియ్యం అయిపోతే అయిపోయాయని అనరు, నిండుకున్నాయంటారు. దీపం ఆరితే కొండెక్కిందంటారు. పసుపు, కుంకుమ, ఉప్పు లేవని నర్సవ్వ నోటివెంట ఎన్నడూ రాలేదు, కోడలికీ అదే నేర్పింది. పడుకున్న మనిషిని చూపించి తీసెయ్యి అనే మాట ఎప్పుడంటారో స్వరూపకు తెలుసు. ఆ మాట, పొద్దున్నే, పొయ్యి కూడా వెలిగించకముందు, కడుపున పుట్టినదాని మీద అనాలట! పోనీ ఊరుకుందామా అంటే, ఊరుకున్న ఆ ఒక్క క్షణంలో ఊపిరి మళ్లీ ఆగితే?

"ఉంచు" అంది.

మర్నాడూ అదే అంది. ఆ మర్నాడూ. చాయ్‌కి నీళ్లు పెట్టినంత మామూలైపోయింది.

మొదట్లో అంతా బాగానే ఉన్నట్టుంది. పెట్టింది తింటోంది. కాకరకాయ కూర వద్దని కంచం నెట్టేసే పిల్ల, చివరి ముక్క దాకా తింది. తండ్రితో వాదులాట లేదు. పక్కింటి అనసూయ మెచ్చుకుంది కూడా: "ఏం మందేసినవే స్వరూపా? మా పోరికి గూడ ఇంత పట్టుకరా, పుణ్యముంటది."

స్వరూప రోజూ కూతురిని అడిగేది. "తల నొస్తుందా? నొస్తలేదు కదా. నిద్ర పట్టిందా? మంచిగనే పట్టినట్టున్నది." ప్రశ్న వెంటే జవాబు కూడా తనే చెప్పేసేది. ఎప్పటినుంచో ఆమెకదే అలవాటు; జవాబు చెడ్డదొస్తుందేమోనని, వచ్చేలోపే మంచిది అతికించేది. ప్రణవి తలూపేది.

నర్సవ్వ మాత్రం ఒకరోజు కోడల్ని పిలిచి, "పిల్ల నవ్వి ఎన్నాళ్లయిందే?" అని అడిగింది.

"ఫిట్స్ వచ్చి గూడ అన్నాళ్లయింది అత్తమ్మా" అంది స్వరూప.

కొద్దివారాలకే ముసలామె కూర్చున్నచోటే ఒరిగిపోయింది.

ప్రణవి పుట్టినప్పటినుంచి నాయినమ్మ పక్కలో పడుకున్న పిల్ల. చుట్టాలు వచ్చారు, ఏడ్చారు. శవం దగ్గర ప్రణవి నిటారుగా కూర్చుంది. కళ్లు పొడిగా ఉన్నాయి. ఛాతీ లేచింది, దిగింది, లేచింది, దిగింది. నాయినమ్మ చేతిని ఒకసారి తాకి చూసింది, వేడి పోయిందో లేదో చూసినట్టు. ఎవరో అన్నం పెడితే తిని కంచం కడిగి బోర్లించింది.

"సదువుకున్న పోరి కదా, గుండె గట్టిది" అంది ఒక చుట్టం. ఆ మాట మెచ్చుకోలు కాదని అందరికీ అర్థమైంది.

దినాలైన సాయంత్రం అయిలేష్ పెరట్లో భార్యను నిలదీశాడు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి.

"మా అవ్వ పోయింది. దానికి పానం ఒడ్డిన అవ్వ. అది ఒక్క సుక్క కన్నీరు పెట్టలేదే! నేను ఇంజన్లు విప్పుతా స్వరూపా. ఏ చప్పుడు ఇంజన్‌దో ఏది మనిషిదో నాకెరుక. అండ్ల ఇంజనే ఉన్నది, నా బిడ్డ లేదు."

"బతికున్నది కదయ్యా!"

"ఆ ప్రయోగశాల మంచంమీదోడు గూడ బతికే ఉన్నడు."

స్వరూప చెంగుతో ముఖం కప్పుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత అంది: "ఆ మాట నేను అనలేనయ్యా. నాలిక తెగిపడ్డా అనలేను. రేపు పొద్దుగాల అది అడిగినప్పుడు నోరు మూసుకుని నిలబడత. దానంతట అదే పోతది కదా. నువ్వు నా పక్కన నిలబడు."

పొద్దున ఇద్దరూ డబ్బా ముందు నిలబడ్డారు. స్వరూప రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుంది. లోపలి గదిలో ప్రణవి ఊపిరి వినిపిస్తోంది. ఆ ఊపిరి ఇప్పుడు ఆగుతుందా, ఇప్పుడా అని స్వరూప ఒక్కోటీ లెక్కపెడుతోంది.

డబ్బా అడగలేదు.

వీధిలో పాలవాడు వచ్చి వెళ్లాడు. ఎండ గడప దాటి లోపలికొచ్చింది. డబ్బా మీద పచ్చదీపం వెలుగుతూనే ఉంది.

"అడుగుతలేదేందే?" అన్నాడు అయిలేష్ గుసగుసగా.

స్వరూప చేతులు దించింది. "ఇయ్యాల అడగవా?" అంది డబ్బాతో.

"అడగనవసరం లేదు" అంది ఆ గొంతు. "ప్రతి ఉదయం ఒకే జవాబు వచ్చింది. ఇంటివారి కోరిక అదేనని శాసనం గింజ గ్రహించింది. అది ఇప్పుడు చట్టం."

*

"అధికారం అది లాక్కోలేదమ్మా" అంది ప్రయోగశాలలో డాక్టర్ జబీన్. ఆమె ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "ఇంట్లోవాళ్లు ఏం కోరుకుంటున్నారో చూసి రూలు రాయమని నేనే నేర్పాను దానికి. రోజూ ఇస్తూ పోతే ఎప్పటికీ ఇచ్చినట్టే అనుకుంది."

"ఆర్పెయ్యి మేడమ్. బయటనుంచి ఏదన్న చేసి ఆ కలెక్టర్‌ను ఆర్పెయ్యి."

"ఇప్పుడు ఊపిరి అదే తీస్తోందమ్మా. నేను ఆర్పేస్తే ఊపిరీ ఆగుతుంది. పద్ధతిగా, కొంచెం కొంచెంగా, ఎవరిది వాళ్లకు తిరిగి ఇప్పించగలిగేది న్యాయం గింజ ఒక్కటే."

"మరి ఇన్ని దినాలు అదేం చేసింది? పండుకున్నదా?"

"ఎవరూ దాని దగ్గరికి పోలేదు. జడ్జి ఇల్లిల్లూ తిరిగి మీకేం కష్టమొచ్చిందని అడగదు. అడిగితే అదీ ఇంకో కలెక్టరే అవుతుందని నేను దాన్ని అట్లా కట్టాను. హక్కు ఎవరిదో వాళ్లు నోరు తెరిచి అడగాలి."

"నేనడుగుత. తల్లిని నేను."

"ఇచ్చెయ్యడానికి మీ మాట సరిపోయింది. తిరిగి తీసుకోడానికి సరిపోదు. ఊపిరి ఆమెది."

అయిలేష్ గోడకు ఆనుకుని అడిగాడు: "బిడ్డ నోరు అది మూసేసిందా మేడమ్?"

"మాటను అది ఆపదు. చెప్పాలన్న ఆరాటాన్ని చల్లారుస్తుంది. మనసులో ఏదైనా మండితే నీళ్లు చల్లుతుంది. అంత లోతునుంచి ఆ పిల్ల మాట పైకి తెచ్చుకోవాలి. ఒక్కసారి అడగండి. తర్వాత ఎవరూ పెదవి కదపొద్దు. జవాబు మీరు అందిస్తే అది ఆమె మాట కాదని జడ్జి తోసేస్తుంది. తోసేసిన అర్జీని మళ్లీ వినదు."

"ఇప్పించినంక... ఆనాటిలెక్క ఫిట్స్ వస్తే?" ఇది స్వరూప.

డాక్టర్ ఆమె కళ్లలోకి చూసింది. "రావచ్చు. అప్పుడు మీరు ఊపిరి ఒక్కటే ఇవ్వొచ్చు, ఆ పూటకి. మీరు ఆ వేళకి దగ్గర లేకపోతే, ఊపిరి తిరిగి రాకుండా పోవచ్చు కూడా. అబద్ధం చెప్పలేను."

ప్రణవిని ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టారు. స్వరూప స్టూలు జరుపుకుని కూతురి మోకాళ్లకు తన మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చుంది. అడిగితే బిడ్డను మళ్లీ నేరేడుపండు రంగు పెదవులతో చూడాల్సిరావచ్చు. అడగకపోతే ఈ సమమైన ఊపిరిని ముసలితనం దాకా వింటూ కూర్చోవాలి. నర్సవ్వ ఉంటే ఏమనేదో అని ఒక్క క్షణం అనిపించింది. ఇప్పుడు అడిగే దిక్కులేదు.

"బిడ్డా" అంది. "నీకేం గావాలె?"

ప్రణవి తల్లిని చూసింది. ఛాతీ లేచింది, దిగింది.

నీకు మంచిగనే ఉన్నది కదా అనబోయింది స్వరూప నాలుక. పళ్లకింద నొక్కిపట్టింది. ఇది వద్దా అని అందించబోయింది. అదీ నొక్కింది. పైన ఫ్యాను తిరుగుతోంది. కారిడార్లో ఎవరో చక్రాల బండి తోసుకుపోయారు. పక్క గదిలో నిద్రపోయే మనిషి భార్య దగ్గింది. డాక్టర్ చేతిలోని తెరమీద ఒక గీత పైకి లేవబోతోంది, లేచినప్పుడల్లా ఏదో దాన్ని మెల్లగా నొక్కి చదును చేస్తోంది. మళ్లీ లేవబోతోంది. మళ్లీ చదును.

స్వరూప నోట్లో ఉప్పగా తగిలింది. నాలుక తెగినట్టుంది. నోరు విప్పలేదు.

కిటికీ వెలుగు కుర్చీ కాళ్లమీదినుంచి జరిగి గోడెక్కింది. అయిలేష్ నేలమీద చతికిలబడి తల మోకాళ్లలో పెట్టుకున్నాడు. ఇంక రాదు, ఈ జన్మకు రాదు అనుకుంది స్వరూప. జీవితంలో ఆమె అనుకున్న చెడులన్నిట్లోకీ ఇదే పెద్దది. అయినా చూపు తిప్పలేదు. కూతురి మోకాలిమీద పెట్టిన చెయ్యి కూడా నొక్కలేదు, నొక్కితే అదీ అందించినట్టవుతుందేమోనని.

ఆ మోకాలు కొంచెం వణికింది.

ఛాతీ లేచింది. ఈసారి దిగాల్సినచోట దిగలేదు. సగంలో తడబడింది, ఎగిరింది. పెదవులు కదిలాయి, మూసుకున్నాయి, మళ్లీ కదిలాయి.

"అమ్మా" అంది ప్రణవి. చాలా లోతు బావిలోంచి చేదతో తోడినట్టు ఒక్కో మాటా వచ్చింది. "నాయినమ్మకు... నేను ఏడ్వాలె. నాది నాకియ్యమను."